రాబిన్‌సన్ క్రూసో గ్రంథకర్త డేనియల్ డీఫో

రాబిన్‌సన్ క్రూసో అను పేరు విననివారు చదువుకొన్నవారిలో అరుదు. మేకతోలు కుట్టుకొని, మేకతోలు గొడుగు పట్టుకొని, భుజముపై తుపాకితో ఒంటరిగా దీవిలో తిరుగు ఆ గడ్డపు మనుష్యుని బొమ్మ బడిపిల్లలకు సైతము పరిచితమే. అతనిని పుట్టించిన డేనియల్ డీఫో పేరు ఆ తరువాతనే జ్ఞప్తికి వచ్చును. ఇది ఒక విధముగా డీఫో కోరి తెచ్చుకొన్నదే. ఆ పుస్తకము వెలువడినప్పుడు దానిపై ఆయన పేరు లేదు. ఆ నావికుడే తన చరిత్రను తాను వ్రాసికొనెనని ముఖపత్రము చెప్పెను. చదివినవారిలో ఎందరో నమ్మిరి. లేని మనుష్యుని ఉన్నవానిగా నమ్మించు ఈ విద్య డీఫోకు ఒక్కనాట అబ్బినది కాదు. దానికొరకు ఆయన చెల్లించిన మూల్యమును తెలిసికొన్నగాని ఆ గ్రంథము విలువ తెలియదు.

డీఫో 1660వ సంవత్సర ప్రాంతమున లండను నగరములో జన్మించెను. తండ్రి జేమ్స్ ఫో పశువుల కొవ్వుతో వత్తులు చేసి అమ్ము వర్తకుడు. ఇంటిపేరు ఫో మాత్రమే. కుమారుడు ముప్పది అయిదేండ్ల ప్రాయమున దాని ముందు డీ అను అక్షరమును చేర్చుకొనెను. అది పెద్దవంశములవారి పేరువలె వినబడును గదా! ఆ కుటుంబమువారు ప్రభుత్వము ఆదరించిన క్రైస్తవసంఘమున చేరక వేరుగా ప్రార్థనలు జరుపుకొను డిసెంటర్లు. అట్టివారి బిడ్డలకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో పట్టము పొందు దారి లేదు. అందుచేత అతడు న్యూయింగ్టన్ గ్రీన్‌లో చార్లెస్ మార్టన్ అను పండితుడు నడపిన విద్యాలయమున చదివెను. అచట పాఠములు లాటినులో గాక ఇంగ్లీషులో చెప్పుచుండిరి. తరువాతి కాలమున పెద్ద విద్యాలయములలో చదివినవారు అతనిని చదువురానివానిగా ఎగతాళి చేసిరి. అంగడిలో, రేవులో, వీధిలో మనుష్యులు మాటలాడు భాషను సూటిగా వ్రాయు అలవాటు మాత్రము ఆ ఎగతాళి చేసినవారిలో ఎక్కువమందికి లేకుండెను.

అతనికి అయిదేండ్ల ప్రాయమున, 1665లో, లండనును మహామారి పట్టుకొనెను. మరుసటి యేట ఘోరమైన అగ్నిప్రమాదము సంభవించి నగరములో పెద్దభాగము బూడిదయ్యెను. పసివానికి వాటిలో ఎంత జ్ఞాపకమున్నదో గాని, పెద్దలనోట ఆ కథలు వినుచునే అతడు పెరిగెను.

తల్లిదండ్రులు అతనిని మతబోధకునిగా చేయదలచిరి. అతడు వర్తకమునకు దిగెను. మేజోళ్లు, సారాయములు, పొగాకు అమ్మెను. 1684లో మేరీ టఫ్లీ అను ఆమెను వివాహమాడెను. ఆమె తెచ్చిన కట్నము 3,700 పౌనులు. ఆ కాలమునకు అది గొప్ప సంపద. అతడు దానిని నిలుపుకొనలేదు. పెండ్లియైన మరుసటి యేడే, 1685లో, రాజుపై మన్మత్ ప్రభువు లేవదీసిన తిరుగుబాటులో చేరి, తలపోవు అపాయమునుండి తప్పించుకొని, 1687లో క్షమాభిక్ష పొందెను. ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచున్న దినములలో ఓడల భీమా వ్యాపారమున నష్టపడెను. సుగంధద్రవ్యము తీయుటకై పునుగుపిల్లులను పెంచు పనిలోకూడ తలదూర్చెను. తుదకు 1692లో 17,000 పౌనుల అప్పుతో దివాలా తీసెను. ఆనాటి చట్టము అప్పు తీర్చలేనివానిని చెరలో పెట్టును. చెరలోనున్నవాడు సంపాదింపలేడు, సంపాదింపనివాడు అప్పు తీర్పలేడు. 1697లో తాను ప్రకటించిన ఒక గ్రంథమున డీఫో ఈ దివాలా చట్టమును సంస్కరింపవలెననియు, స్త్రీలకు విద్యాలయములు పెట్టవలెననియు వాదించెను. తన బాధనుండి లోకమునకు పనికివచ్చు ఆలోచనను తీయుట ఆయన స్వభావము. అప్పులవారి భయము మాత్రము చచ్చువరకు ఆయనను వీడలేదు.

ఈ నడుమ థేమ్సు నదీతీరమున టిల్బరీవద్ద ఇటుకలు, పెంకులు చేయు కర్మాగారమొకటి పెట్టెను. అది బాగుగా సాగెను. అప్పులు కొంత తీరుచుండెను. అంతలో 1702వ సంవత్సరాంతమున ఒక చిన్న పుస్తకము వ్రాసి చిక్కులలో పడెను.

ఆ పుస్తకపు కథ కొంత వివరముగా చెప్పదగినది. అప్పుడు డిసెంటర్లను అణచివేయవలెనని రాజసంఘమునకు చెందిన ఉద్రేకపరులు బోధించుచుండిరి. వారి మాటలలోని క్రౌర్యమును బయటపెట్టవలెనని డీఫో తలచెను. వాదముతో ఖండించుటకు బదులు, తానే అట్టి ఉద్రేకపరుడైనట్లు నటించి, వారి గొంతుకతో, వారి ధోరణిలో, డిసెంటర్ల పెద్దలను ఉరితీసి, మిగిలినవారిని దేశమునుండి వెడలగొట్టవలెనని వ్రాసెను. పేరు పెట్టలేదు. చదువరులు నవ్వుదురని, ఆ మాటల వికారము వారికి తెలియునని ఆయన ఆశ. కాని వేషము మిక్కిలి చక్కగా కుదిరెను. ఉద్రేకపరులలో కొందరు అది తమవాని వ్రాత యనుకొని మెచ్చుకొనిరి. డిసెంటర్లు నిజముగానే భయపడిరి. గుట్టు బయటపడిన తరువాత రెండు పక్షములవారును మోసపోయితిమని మండిపడిరి. పార్లమెంటు ఆ పుస్తకమును తలారిచేత తగులబెట్టించెను. డీఫోను పట్టియిచ్చినవారికి 50 పౌనుల బహుమానమని 1703 జనవరిలో ప్రభుత్వ పత్రిక ప్రకటించెను. నడితరపు ఎత్తు, బక్కపలుచని దేహము, చామనచాయ, వంకర ముక్కు, కొనదేలిన గడ్డము, బూడిదవన్నె కన్నులు, నోటిప్రక్క పెద్ద పుట్టుమచ్చ అని అతని ఆనవాళ్లు అందు వ్రాసిరి. ఆయన రూపమును గూర్చి నేడు మనకు తెలిసినదానిలో చాలభాగము ఈ పోలీసు వర్ణనవలన తెలిసినదే.

ఆ మే నెలలో పట్టుబడెను. జరిమానా విధించిరి, అదిగాక మూడుమారులు బొండకొయ్యలో నిలుపవలెనని తీర్పు చెప్పిరి. మెడయు, చేతులును కొయ్యపలకల రంధ్రములలో బిగించి నడివీధిలో నిలబెట్టినచో, దారిన పోవువారు రాళ్లు, కుళ్లినగ్రుడ్లు విసరుదురు. ఆ దెబ్బలకు ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు. 1703 జూలై కడపటి మూడు దినములు డీఫో అట్లు నిలబడెను. ఆ సమయమునకే తన శిక్షనుగూర్చి ఒక వ్యంగ్యపద్యకృతిని అచ్చువేయించి అమ్మించెను. జనులు రాళ్లకు బదులు పూలు విసరిరని ఒక కథ ప్రచారములోనున్నది. పూలమాట యెట్లున్నను, ప్రజలు ఆయనను హింసింపలేదు. అయినను పిమ్మట న్యూగేటు చెరసాలలోనే ఉండవలసివచ్చెను. యజమాని లేని టిల్బరీ కర్మాగారము మూతపడెను. భార్యయు, బిడ్డలును దిక్కులేనివారైరి.

పరుల గొంతుకతో మాటలాడుట ఎంత పదునైన విద్యయో ఆ యేడు ఆయనకు తెలిసివచ్చెను. దానిని ఆయన మానలేదు. తరువాతి పదునారేండ్లలో ఇంకను నేర్చుకొనెను.

రాబర్ట్ హార్లీ అను మంత్రి 1703 నవంబరులో ఆయనను విడిపించి తన రహస్యోద్యోగిగా చేసికొనెను. అది మొదలుకొని డీఫో జీవితము రెండు ముఖములుగా నడచెను. పైకి పత్రికా రచయిత. 1704 మొదలు 1713 వరకు రివ్యూ అను పత్రికను చాలవరకు ఒక్కచేతిమీదుగా వ్రాసెను. లోపల మంత్రికి వేగులవాడు. 1706లో ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యముల ఐక్యమునకై స్కాట్లండునకు పోయి, వర్తకునితో వర్తకునివలెను, మతాచార్యునితో భక్తునివలెను మాటలాడి వారి మనస్సులు కనిపెట్టి వార్తలంపెను. ఇది మెచ్చదగిన వృత్తి కాదు. పార్టీలు మారినప్పుడెల్ల ఆయన కలమును మారెనను నిందను పూర్తిగా తుడిచివేయుటయు సాధ్యము కాదు. కాని ఎవరు ఎట్లు మాటలాడుదురో, ఏ వృత్తివాడు మొదట ఏ వస్తువును చూచునో కనిపెట్టు చూపు ఆయనకు ఇందువలన హెచ్చెను.

ఇదే కాలమున చేసిన మరియొక మంచిపని కలదు. 1703 నవంబరులో ఇంగ్లండును గొప్ప గాలివాన ముంచెత్తెను. చూచినవారు తమతమ అనుభవములను వ్రాసి పంపవలసినదని డీఫో పత్రికలలో ప్రకటించి, వచ్చిన ఉత్తరములను కూర్చి 1704లో గ్రంథముగా వెలువరించెను. ఇల్లు కూలినవాడు ఇల్లు కూలెనని మాత్రమే వ్రాయడు. ఏ గోడ ముందు పడెనో, ఆ సమయమున తాను ఏ మూలనుండెనో, ఏ వస్తువు చేతికి దొరకెనో వ్రాయును. కష్టములోనున్నవానికి చిన్న సంగతులే పెద్దవిగా తోచును. ఆ ఉత్తరములలోని ఈ లక్షణము పదునైదేండ్ల తరువాత దీవిలోని నావికుని నోటివెంట వినవచ్చెను.

1719 ఏప్రిల్ 25వ తేదీన రాబిన్‌సన్ క్రూసో ప్రకటింపబడెను. అప్పటికి డీఫోకు అరువది యేండ్లు కావచ్చినవి. ఆగస్టు నెలాఖరునకు ముందే నాలుగు ముద్రణలు చెల్లెను. అంతకు కొన్నియేండ్లముందు అలెగ్జాండర్ సెల్‌కర్క్ అను స్కాట్లండు నావికుడు తన కెప్టెనుతో తగవులాడి, దక్షిణ అమెరికాకు పడమటనున్న జువాన్ ఫెర్నాండెజ్ దీవిలో దిగిపోయి, 1704 మొదలు 1709 వరకు నాలుగు సంవత్సరముల నాలుగు నెలలు ఒంటరిగా బ్రతికెను. అతనిని తెచ్చిన వుడ్స్ రోజర్సు 1712లో ఆ కథను ప్రకటించెను. డీఫోకు ఊహ ఇందుండి కలిగియుండును. కాని సెల్‌కర్క్ కథ ఒక వింతవార్త. విని ఆశ్చర్యపడి మరచిపోవచ్చును. డీఫో ఆ నాలుగేండ్లను ఇరువది యెనిమిదేండ్లుగా పొడిగించి, దీవిని ఒరినోకో నదీముఖమునకు మార్చి, దానిలో ఒక ఇంగ్లీషు వర్తకుని మనస్సును పెట్టెను. తాను ఆ దేశములను కన్నులార చూచినవాడు కాడు. పటములు, ఓడయాత్రల గ్రంథములు చదివినవాడు. అయినను కథ ఎక్కడను పుస్తకము చూచి వ్రాసినట్లు తోపదు.

దీనికి కారణమేమి? తెలియని దేశమును వర్ణించుటకు సాధారణముగా రచయితలు ఆ దేశపు వింతలతో ప్రారంభింతురు. డీఫో మనిషితో ప్రారంభించెను. క్రూసో ఒడ్డున పడిన మరునాడు చెట్లను, పక్షులను చూచి మురియడు. విరిగిన ఓడ యింకను నీటిపైనున్నదా యని చూచును. పదుమూడు దినములలో పండ్రెండుమారులు ఓడకు పోయి వడ్రంగి పనిముట్ల పెట్టె, తుపాకిమందు, త్రాళ్లు, తెరచాప గుడ్డ, రొట్టెలు మోసికొని వచ్చును. ఓడలో ముప్పదియారు పౌనుల ధనము కనబడును. దీవిలో ధనమెందుకని దానిని చీదరించుకొనును. మరల ఆలోచించి మూటగట్టుకొని తెచ్చుకొనును. ఈ యొక్క పని చాలును, అతడు నిజమైన మనుష్యుడని నమ్ముటకు. దేశము మారినది గాని అలవాటు మారలేదు. తరువాత కాగితము తీసి, ఒకప్రక్క తనకు కలిగిన కీడును, మరియొక ప్రక్క మేలును జమాఖర్చు వ్రాసినట్లు వ్రాసికొని, శేషము తేల్చుకొనును. దివాలా తీసిన వర్తకుని చేతినుండి గాక ఈ పుట మరియెవరి చేతినుండి వెలువడును?

వ్యవసాయదారులకు ఆ గ్రంథములో ఒక ఘట్టము ప్రత్యేకముగా నచ్చును. ఓడలో కోళ్లకు వేయు గింజల సంచి ఎలుకలు తినగా మిగిలిన పొట్టును క్రూసో గుట్టప్రక్కన దులిపివేయును. వానలు పడిన తరువాత అచట యవల మొక్కలు మొలచును. దైవము తనకొరకై అద్భుతము చేసెనని మొదట కన్నీరు పెట్టుకొనును. సంచి దులిపిన సంగతి జ్ఞప్తికి రాగా ఆ భక్తి కొంత చల్లబడును! విత్తనములు దాచి, అదను తెలియక వానలు వెనుకబట్టిన తరువాత చల్లి, ఆ విత్తనము చాలవరకు పోగొట్టుకొనును. ముందుచూపుతో పిడికెడు గింజలు మిగుల్చుకొన్నందున గండము గడచును. నాలుగవ యేట గాని ఆ ధాన్యమును తినుటకు సాహసింపడు. కుండల కథయు అట్టిదే. మన్ను ఎండకు పగిలి, రూపుచెడి, కూలి, రెండు నెలలకు రెండు వికారమైన బానలు తయారగును. ఒకనాడు పొయ్యిలో పడిన పెంకు ఎఱ్ఱగా కాలి రాయివలె గట్టిపడుట చూచి, కుండలను కాల్చు ఉపాయము కనుగొనును. నిప్పుమీద నిలిచిన ఆ మొదటి కుండను చూచి అతడు పొందిన సంతోషమును చదువునప్పుడు టిల్బరీలోని పెంకుల ఆవములు జ్ఞప్తికి రాకమానవు.

కథానాయకునికి అన్నియు చేతనైనచో పాఠకుడు నమ్మడు. క్రూసో పెద్ద దేవదారును నరికి నెలలతరబడి తొలిచి పడవ చేయును. అది నీటికి నూరు గజముల దూరముననున్నది. దానిని కదలింపలేడు. కాలువ త్రవ్వుదమని లెక్కవేయగా పది పండ్రెండేండ్లు పట్టునని తేలును. పడవ అచటనే ఉండిపోవును. పదునైదేండ్లు మనుష్యుని ముఖమునకై తపించినవాడు ఒకనాడు ఇసుకలో ఒక పాదముద్రను చూచి ఆనందింపక, పిడుగుపడినవానివలె నిలిచి, పరుగెత్తి తన కోటలో దాగుకొనును. అది తన అడుగేమోనని మరల పోయి కొలిచి చూచుకొనును. ఈ భయము ఎక్కడనుండి వచ్చెనో, తలుపు తట్టినవాడెవడో తెలియక జీవితమంతయు గడపిన రచయితకు తెలియును.

పొరపాట్లు లేకపోలేదు. క్రూసో బట్టలు విడిచి ఈదుకొని ఓడకు పోయి, అచట జేబులనిండ రొట్టెలు నింపుకొనును. చార్లెస్ గిల్డన్ అను విమర్శకుడు ఆ యేడే దీనిని పట్టుకొని అపహసించెను. తరువాత ఒక పంక్తిలో అతడు లాగును విడువలేదని చెప్పబడినది గాని, ఆ సమాధానము కొంత ఆలస్యముగానే వచ్చినది. పాఠకులు గిల్డనును మరచి క్రూసోను నిలుపుకొనిరి.

మరియొక లోపము ఇంత తేలికగా నవ్వి వదలదగినది కాదు. క్రూసో ఓడ పగిలినది ఆఫ్రికాకు బానిసలను కొనుటకు పోవుచున్నప్పుడు. తాను మూర్ల చెరనుండి తప్పించుకొనుటకు తోడ్పడిన జూరీ అను బాలుని అతడు అంతకుముందే అమ్మివేసెను. దీవిలో తాను కాపాడిన ఫ్రైడేకు మొట్టమొదట నేర్పిన మాటలలో ఒకటి తనను దొరా యని పిలుచుట. ఆ యువకుని అసలు పేరేమో అతడు అడుగనైన అడుగడు. పరదేశమున చిక్కిన ఇంగ్లీషువాని మనస్సులోనికి అంత లోతుగా చొచ్చిన డీఫో, తన దేశముననే పరదేశియైన ఫ్రైడే మనస్సు వాకిటనే నిలిచిపోయెను. దొరతనమును చవిచూచిన మన దేశపు పాఠకునికి ఇది తప్పక తగులును. తరువాతి శతాబ్దముల రచయితలు ఆ కథను ఫ్రైడే వైపునుండి మరల చెప్పబూనుటకు కారణమిదియే.

క్రూసో జయము చూచి డీఫో వరుసగా వ్రాసెను. 1720లో ఆఫ్రికా ఖండమును కాలినడకను దాటిన కెప్టెన్ సింగిల్టన్ కథ వచ్చెను. 1722లో మాల్ ఫ్లాండర్సు వచ్చెను. ఈమె న్యూగేటు చెరసాలలో పుట్టి, దొంగయై, వర్జీనియాకు పంపబడిన స్త్రీ. న్యూగేటు గోడలను డీఫో లోపలినుండి చూచినవాడే గదా.

అదే యేడు వెలువడిన మహామారి దినచర్య మరింత చిత్రమైనది. అందు మనిషి ఎక్కడికిని పోడు. అతని ఊరే అపరిచితమగును. హెచ్.ఎఫ్. అను పొడి అక్షరములతో పేర్కొనబడిన జీనులు కుట్టు వర్తకుడు 1665లో లండను విడిచిపోవలెనా, అంగడి కాచుకొని ఉండవలెనా యని తడబడి, ఉండిపోవును. డీఫో పినతండ్రి హెన్రీ ఫో జీనుల వర్తకుడు. ఆ అక్షరములు ఆయనవే కావచ్చును. ఎఱ్ఱ శిలువ గుర్తు వేసి మూసిన తలుపులు, వాకిట కావలివారు, జనసంచారములేక గడ్డి మొలచిన రాజవీధులు, వారము వారము పెరుగు చావుల పట్టికలు ఆ వర్తకుని కంటితో చూపబడినవి. ఆ యేటి లండను పట్టికలలో మహామారికి బలియైనవారని లెక్కకెక్కినవారే 68,596 మంది. డీఫో అప్పుడు అయిదేండ్ల బాలుడు. అయినను దానిని కన్నులార చూచినవాని వ్రాతయని చాలకాలము నమ్మిరి. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి ఊళ్లు మూతపడినప్పుడు లోకమున అనేకులు మరల ఆ గ్రంథమును తెరచిరి.

జోనతన్ స్విఫ్టు 1726లో గలివర్ యాత్రలను వ్రాసెను. డీఫో నిజమనిపించుటకు చూపిన కొలతలు, తేదీలు స్విఫ్టు చేతిలో పరిహాసమునకు సాధనములైనవి. ఆ గలివరు ఛాయలోనే మన వీరేశలింగము పంతులుగారు సత్యరాజాపూర్వదేశయాత్రలను వ్రాసిరి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశము లండను పోయియు మొగలితుఱ్ఱును వెంటబెట్టుకొని తిరిగినందుననే మనకు అంత ఆప్తుడయ్యెను. క్రూసో దీవికి తన చిట్టా ఆవర్జాలను తీసికొని పోయినట్లే ఇదియును.

ఇన్ని పుస్తకములు అమ్ముడుపోయినను డీఫోకు శాంతి లేకుండెను. క్రూసోవలన ప్రచురణకర్త విలియం టేలరు ధనవంతుడయ్యెను. డీఫోను కడపటి దినములలో పాత అప్పులలో ఒకటి వెంటాడెను. ఇల్లు విడిచి, భార్యాబిడ్డలకు దూరముగా దాగి, 1731 ఏప్రిల్ 24వ తేదీన లండనులో రోప్‌మేకర్సు సందున ఒక అద్దెగదిలో మరణించెను. డిసెంటర్ల శ్మశానమైన బన్‌హిల్ ఫీల్డ్సులో పూడ్చిరి. గోరీల పద్దువ్రాసినవానికి ఆ పేరు సరిగా వినబడలేదో యేమో, డీఫోకు బదులు డ్యూబౌ అని వ్రాసెను. అనేక వేషములు ధరించిన మనుష్యునికి కడపటి వేషము ఆ పద్దుపుస్తకములో దొరకెను.

ఆ యేడే ఆయన పుస్తకములను మరియొక మతాచార్యుని పుస్తకములతో కలిపి అమ్మివేసిరి. ఆ అమ్మకపు జాబితా నేటికిని నిలిచియున్నది గాని, అందులో ఏది ఎవరిదో విడదీసి వ్రాయలేదు.

నూట ముప్పది తొమ్మిది యేండ్లకు, 1870లో, ఒక పత్రిక ఇంగ్లండు బాలబాలికలను చందాలు పంపుడని కోరెను. సుమారు 1,700 మంది చందాలిచ్చిరి. ఆ ధనముతో బన్‌హిల్ ఫీల్డ్సులో ఆయన సమాధిపై రాతిస్తంభము నిలిపిరి. దానిపై చెక్కిన పేరులో అక్షరదోషము లేదు.